అమ్మా నేనూ ఒకే టబ్బులో వెనిగర్ నీళ్ళు వాడుతున్నాం, ఆపేయాలా?

ప్రశ్న: విశాఖపట్నంలో గాజువాక వైపు ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పనిచేసే పాఠకుడు రాసిన పెద్ద ఉత్తరమిది. పేరు వేయొద్దన్నారు. పొద్దున ఏడింటికి తొడిగిన సేఫ్టీ బూట్లు రాత్రి ఇంటికొచ్చేదాకా విప్పే వీలుండదు. పాదాల నుంచి వచ్చే వాసన ఏళ్ళ తరబడి ఆయన్ని లోలోపల తినేస్తోంది. బావమరిది గృహప్రవేశానికి షిఫ్టు నుంచి నేరుగా వెళ్ళి గుమ్మం దగ్గర బూట్లు విప్పారట. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. అత్తగారు ఏమీ అనకుండా లేచి వెళ్ళి ఇంకో నాలుగు అగరొత్తులు వెలిగించారు. "ఆవిడ నోటితో ఓ మాట అనేసి ఉంటే ఇంత బాధపడేవాణ్ణి కాదు" అని రాశారు.

షెడ్డులో తోటివాడు చెప్తే వెనిగర్ కలిపిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టడం మొదలుపెట్టారు. రెండు వారాల్లో వాసన బాగా తగ్గింది. ఆశ పుట్టి, వెనిగర్ మోతాదు పెంచుకుంటూ పోయి, ఇప్పుడు సగానికి సగం పైగా వెనిగరే పోసుకుని రోజూ అరగంట కూర్చుంటున్నారు. వేళ్ళ సందుల్లో తోలు తెల్లగా నాని ఊడొస్తోంది, మంట. మందుల షాపులో ఇచ్చిన క్రీము రాస్తే నాలుగు రోజులు తగ్గి మళ్ళీ వస్తోంది. ఈ మధ్య గజ్జల్లో కూడా దురద. బొటనవేలి గోరు పసుపెక్కి మందంగా తయారైంది.

వాళ్ళమ్మగారికి అరవై ఆరేళ్ళు, చాలాకాలంగా షుగరు. మడమలు పగిలాయని, అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని, కొడుకు లేచాక ఆవిడా అదే టబ్బులో కాళ్ళు పెడుతున్నారు. "నా చేతికి నీళ్ళు బాగా కాగినట్టే ఉంటాయి. అమ్మ మాత్రం చల్లారిపోయాయిరా, ఇంకో చెంబుడు పొయ్యి అంటుంది" అని రాశారు. ఆ పావుగంట తల్లీకొడుకులు కబుర్లు చెప్పుకునే సమయం కూడా, ఇప్పుడు ఆపేయమ్మా అంటే ఆవిడ నొచ్చుకుంటారని ఆయన బెంగ. భార్య ఇదంతా మానేయమంటోంది. స్నేహితుడేమో వెనిగర్ ఒంట్లోని విషాలు లాగేస్తుంది, మంట పుడుతోందంటే పనిచేస్తోందనే అర్థం అంటున్నాడు. డాక్టరు ముందు బూట్లు విప్పాలంటే సిగ్గు. "కొనసాగించమంటారా, ఆపమంటారా? అసలు వెనిగర్ మంచిదా, చెడ్డదా?" అన్నది ఆయన ప్రశ్న.

జవాబు: మంచిదా చెడ్డదా అంటే ఒక్క మాటలో చెప్పలేను. మీ ఇంట్లో ఆ ఒక్క టబ్బులోకి నాలుగు వేర్వేరు బాధలు దిగుతున్నాయి. మీ పాదాల వాసన, వేళ్ళ సందుల్లో పుండు, మందమైన గోరు, అమ్మగారి షుగరు పాదాలు. వాసనకు వెనిగర్ కొంతవరకు పనికొస్తుంది. సందుల్లో తోలు ఊడుతున్నప్పుడు హాని చేస్తుంది. గోటికి ఏమీ చెయ్యదు. అమ్మగారికైతే ప్రమాదం. అందుకని మీరు చివర్లో రాసిన విషయాన్ని నేను ముందుకు తెస్తున్నాను. మిగతావి నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు గానీ అమ్మగారి సంగతి ఆగకూడదు.

మీరు మామూలుగా రాసేశారు కానీ, మీ ఉత్తరం మొత్తంలో నాకు భయం వేసింది ఆ "ఇంకో చెంబుడు పొయ్యి" దగ్గరే. మీ చేతికి కాగినట్టున్న నీళ్ళు ఆవిడ కాళ్ళకు చల్లగా తోస్తున్నాయంటే, కాళ్ళకు వేడి తెలియడం తగ్గిపోయి ఉండొచ్చు. షుగరు ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళలో నరాల కొసలు దెబ్బతింటాయి, అది ముందు పాదాల్లోనే మొదలవుతుంది. తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుండటం, దూది మీద నడుస్తున్నట్టుండటం దాని తొలి గుర్తులు. ఇలాంటివాళ్ళకు వేడినీళ్ళలో కాళ్ళు కాలి బొబ్బలెక్కినా ఆ సమయానికి ఏమీ తెలియదు. మర్నాడు దుప్పటికి తడి అంటితేనో, ఇంకొకరు చూసి చెప్తేనో తెలుస్తుంది. రక్తప్రసారం కూడా తగ్గి ఉంటే ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. కాళ్ళు తీసేయాల్సి వచ్చిన షుగరు రోగుల్లో చాలామందికి కథ ఇలాంటి చిన్న పుండుతోనే మొదలవుతుంది.

వేడి ఒక్కటే కాదు, వెనిగర్‌తో ఇంకో చిక్కుంది. మీ వేళ్ళ సందుల్లో మంట పుడితే మీరు కాళ్ళు బయటికి తీసేస్తారు. మడమ పగుళ్ళలోకి ఆమ్లం దిగుతున్నా ఆవిడకు ఆ మంట తెలియదు. తిమ్మిర్లు తగ్గుతాయనేది ఆవిడ ఆశ, కానీ వెనిగర్‌కు నరాల మీద పనేమీ లేదు. పగుళ్ళకూ అది మందు కాదు. నానినంతసేపు తోలు మెత్తబడినట్టుంటుంది, ఆరాక ఇంకా పొడిబారి పగులు లోతవుతుంది. అందుకే షుగరు పాదాల గురించి ఏ డాక్టరు చెప్పినా వెనిగర్ సంగతి అటుంచి, ఉత్త నీళ్ళలో కూడా కాళ్ళు నానబెట్టొద్దనే చెప్తారు. పైగా మీ సందుల్లో ఉన్నది ఫంగస్ అయితే, అదే టబ్బు, అదే తువ్వాలు ఆవిడకు అంటిస్తాయి.

మీరు ఇప్పుడు ఆపేయమ్మా అంటే ఆవిడ నొచ్చుకుంటారన్నారు. నిజమే కావచ్చు. ఆవిడకు కావలసింది వెనిగర్ కన్నా మీతో గడిపే ఆ పావుగంటేమో అని నాకనిపిస్తోంది. దాన్ని తీసేయకండి, అందులో చేసే పనిని మార్చండి. రాత్రి మీరిద్దరూ అక్కడే కూర్చోండి. ఆవిడ కాళ్ళు గోరువెచ్చని నీళ్ళతో ఒకటి రెండు నిమిషాల్లో కడిగేసి, వేళ్ళ సందులతో సహా మెత్తటి గుడ్డతో తడి లేకుండా అద్దండి. నీళ్ళ వేడి మీ మోచేతితో చూడండి, ఆవిడను చూడనివ్వకండి. సెల్‌ఫోన్ టార్చి వేసి అరికాలు, మడమ, ప్రతి వేలి సందూ చూడండి: బొబ్బ ఉందా, ఎరుపెక్కిందా, నీరు కారుతోందా, ఆనె కింద నల్లబడిందా అని. తర్వాత మడమలకు వాజలైన్ గానీ యూరియా ఉన్న క్రీము గానీ పట్టించండి. సందుల్లో మాత్రం రాయొద్దు, అక్కడ తడి నిలిస్తే మళ్ళీ పాచిపోతుంది. బ్లేడుతో మడమ తోలు గీకడం, ఆనెలు కోయడం ఇంట్లో ఎవరూ చేయకూడదు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమనండి. షుగరు ఉన్నవాళ్ళ కోసం ఎంసీఆర్ చెప్పులని మెత్తటి రబ్బరువి దొరుకుతాయి.

దీంతోపాటు ఆవిడకు ఒకసారి పాదాల పరీక్ష చేయించాలి. నొప్పి ఉండదు, ఎక్కువసేపు పట్టదు. సన్నటి నైలాన్ తీగ లాంటి మోనోఫిలమెంట్‌ను అరికాలిలో అక్కడక్కడా ఆనించి తెలుస్తోందా అని అడుగుతారు, శ్రుతిదండం పెట్టి కంపనం తెలుస్తోందేమో చూస్తారు, పాదం మీద నాడి చూస్తారు. షుగరున్న ప్రతివాళ్ళకూ ఏడాదికోసారైనా జరగాల్సిన పరీక్షే ఇది. రిపోర్టు ఏం చెప్పినా ఈ కాళ్ళ స్నానం మాత్రం ఆవిడ విషయంలో ఆగిపోవాలి. ఇందులో మధ్యేమార్గం నాకు కనిపించడం లేదు.

ఇక మీ సంగతి. వెనిగర్ మోసమేమీ కాదు. మీకు వాసన తగ్గడం భ్రమ కాదు. అరికాళ్ళలో చెమట గ్రంథులు బాగా దట్టంగా ఉంటాయి. ఆ చెమటకు తనంతట తనకు పెద్ద వాసన ఉండదు. బూటులో గాలాడక నానిపోయిన తోలు మీద బ్యాక్టీరియా పెరిగి, చెమటలోని ల్యూసిన్ అనే పదార్థాన్ని విరిచి ఐసోవాలెరిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ ముక్కిన వాసన దానిదే. వెనిగర్ అంటే నీళ్ళలో కలిసిన ఎసిటిక్ ఆమ్లం, దుకాణంలో దొరికే సీసాలో సాధారణంగా 4, 5 శాతం ఉంటుంది. ఆ ఆమ్లానికి ఈ బ్యాక్టీరియా కొంత తగ్గుతుంది. వైద్యంలో కూడా దానికి చోటుంది: సూడోమోనాస్ అనే మొండి బ్యాక్టీరియా పట్టి పచ్చగా చీముపట్టిన పుండ్లకు పల్చటి ఎసిటిక్ ఆమ్లంతో కట్టు కడతారు, చెవిలో వేసే కొన్ని చుక్కల మందుల్లోనూ అదే ఉంటుంది. కానీ అక్కడ వాడేది చాలా పల్చటిది, ఎంత కలపాలో, ఎంతసేపు ఉంచాలో కొలతుంటుంది.

మీరు దాటింది ఆ కొలతనే. ఎక్కువ పోస్తే ఎక్కువ పనిచేస్తుందనుకోవడం సహజం, పైగా మొదట్లో ఫలితం కనిపించింది. అయితే చర్మం కూడా మాంసకృత్తులతో తయారైనదే, ఆమ్లానికి బ్యాక్టీరియా వేరు, మీ తోలు వేరు అన్న తేడా తెలియదు. చిక్కటి వెనిగర్‌ను చర్మానికి గంటల తరబడి అంటించి ఉంచితే నిజంగానే కాలిన పుండ్లు పడ్డ ఉదంతాలు వైద్య పత్రికల్లో వచ్చాయి. అమెరికాలో 2019లో ఎగ్జిమా ఉన్నవాళ్ళను కలుపుకొని 22 మంది మీద ఒక చిన్న అధ్యయనం చేశారు. ఒక చేతిని పల్చటి యాపిల్ సైడర్ వెనిగర్‌లో, రెండో చేతిని మామూలు నీళ్ళలో రోజూ పది నిమిషాల చొప్పున రెండు వారాలు ముంచారు. వెనిగర్ చేతికి మేలేమీ కనిపించలేదు, చాలామందికి మంట మాత్రం పుట్టింది. అక్కడ వాడింది అర శాతం ఆమ్లమే. మీ టబ్బులో ఉన్నది దానికి ఎన్నో రెట్లు. మంట అంటే తోలు దెబ్బతింటోందని అర్థం, మీ స్నేహితుడు దాన్ని తిరగేసి చెప్తున్నాడు. విషాలు లాగేయడం అన్నది అరికాళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఒంట్లోని వ్యర్థాలను బయటికి పంపేవి కాలేయం, మూత్రపిండాలు.

వేళ్ళ సందుల్లో తెల్లగా నాని ఊడటం, గజ్జల్లో దురద, ఈ రెండూ కలిపి చూస్తే ఫంగస్ ఉందనే అనుమానం. మనవాళ్ళు తామర అనేదే ఇది, కాలి సందుల్లో వచ్చినప్పుడు తామరలా గుండ్రంగా కనిపించదు, అంతే. పాదాల నుంచి గజ్జలకు పాకడానికి సులువైన దారి లోదుస్తులు. వాటిని కాళ్ళ గుండా పైకి లాక్కునేటప్పుడు అంటుకుంటుంది. కాబట్టి ముందు సాక్సులు తొడుక్కుని, ఆ తర్వాతే డ్రాయరు వేసుకోండి. ఇంత చిన్న మార్పు చాలామందికి ఎవరూ చెప్పరు.

ఆ క్రీము ట్యూబు ఒకసారి తిప్పి చూడండి. సన్నటి అక్షరాల్లో క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మోమెటాసోన్ లాంటి పేర్లు ఉన్నాయా? ఉంటే అది స్టెరాయిడ్ కలిపిన క్రీము. నాలుగు రోజులు దురద తగ్గి మళ్ళీ రావడం, చుట్టుపక్కలకు పాకడం దాని అచ్చమైన లక్షణం. స్టెరాయిడ్ దురదను అణిచేస్తుంది, ఫంగస్‌కు మాత్రం తలుపులు తీస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ రకం పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన పెట్టింది. అయినా అడిగితే చేతికొచ్చేస్తున్నాయి. మీ ట్యూబులో స్టెరాయిడ్ ఉంటే రాయడం ఆపండి. ఆపాక కొన్నాళ్ళు దురద పెరగొచ్చు, అది చూసి మళ్ళీ మొదలుపెట్టకండి.

ఇక్కడ మీకు రెండు దారులున్నాయి. స్టెరాయిడ్ లేని ఉత్త క్లోట్రిమాజోల్ లేదా టెర్బినాఫిన్ క్రీము కొని రెండు నుంచి నాలుగు వారాలు, తగ్గినట్టు కనిపించాక కూడా చెప్పినన్ని రోజులూ రాయడం ఒకటి. ఖర్చు తక్కువ, చాలామందికి పనిచేస్తుంది. కానీ మన దేశంలో ఈ మధ్య టెర్బినాఫిన్‌కు లొంగని ఫంగస్ రకం బాగా పాకింది, మీకేమో గజ్జల దాకా వచ్చింది. అంచేత చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళడమనే రెండో దారి మీకు మేలు. అక్కడ చర్మం పైపొరను కొద్దిగా గీకి మైక్రోస్కోపు కింద చూస్తారు, ఫంగస్ ఉందో లేదో తేలిపోతుంది. పరీక్ష అవసరమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. బూట్లు గంటల తరబడి వేసుకునేవాళ్ళకు అరికాలి తోలు మీద గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు పడతాయి, కాలు తడిసినప్పుడు బాగా కనిపిస్తాయి, వాసన భరించలేనంత ఉంటుంది. ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చేది. దీనికి ఫంగస్ క్రీము వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు, క్లిండమైసిన్ లాంటి యాంటీబయాటిక్ లోషన్ రాస్తే కొన్ని వారాల్లో పోతుంది. మీ అరికాళ్ళు ఒకసారి వెలుతురులో చూసుకోండి. గుంటలు కనిపిస్తే, ఏళ్ళుగా మిమ్మల్ని వేధిస్తున్న వాసనకు మూలం అదే కావచ్చు.

గోటి గురించి ఎక్కువ చెప్పను. పిప్పిగోరు అనగానే ఫంగస్ అనుకుంటాం గానీ, మందమైన గోళ్ళలో చాలావాటికి ఫంగస్ ఉండనే ఉండదు. మీ బూటు ముందు భాగంలోని ఉక్కు తొడుగు బొటనవేలిని రోజూ నొక్కుతుంటే కూడా గోరు అలాగే అవుతుంది. ఫంగస్ అయినా అది గోటి కింద ఉంటుంది, వెనిగర్ అక్కడిదాకా చేరదు. గోరు ముక్క కత్తిరించి పరీక్షకు పంపాకే మాత్రలు మొదలుపెట్టాలి, అవి దాదాపు మూడు నెలలు మింగాలి, ముందు కాలేయం పరీక్ష చేయిస్తారు. కాలి బొటనవేలి గోరు కొత్తది పూర్తిగా రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది కాబట్టి మందు పనిచేస్తున్నా తొందరగా కనిపించదు.

అయితే వెనిగర్ పూర్తిగా మానేయాలా అంటే, ప్రస్తుతానికి మానేయండి. సందుల్లో తోలు పూర్తిగా అతుక్కుని మంట పోయేదాకా ఒక్క చుక్క కూడా వద్దు. అప్పటివరకు వాసన కొంత తిరిగొస్తుంది, దానికి సిద్ధపడండి. చర్మం బాగయ్యాక మీకు షుగరు లేదని పరీక్షలో తేలితే, వాసన కోసం మాత్రం వాడుకోవచ్చు. తల్లికి షుగరుంది కాబట్టి, ఫంగస్ తిరగబెడుతోంది కాబట్టి మీరు కూడా ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడం అవసరం. వాడితే ఒక గ్లాసు వెనిగర్‌కు రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్ళు, పది పదిహేను నిమిషాలు, వారానికి రెండు మూడుసార్లు, తర్వాత మామూలు నీళ్ళతో కడిగి బాగా తుడుచుకోవడం. తెల్ల వెనిగర్ చాలు, యాపిల్ సైడర్‌కు అంత డబ్బు పెట్టక్కర్లేదు. కెమికల్ షాపుల్లో దొరికే గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ తెచ్చి కలుపుకుందామని మాత్రం ఎవరు చెప్పినా వినకండి, అది దాదాపు నూరు శాతం ఆమ్లం. టబ్బు కడిగేటప్పుడు అందులో వెనిగర్ ఉండగా బ్లీచింగ్ పౌడర్ వేస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఇంట్లో ఆడవాళ్ళకు ఈ మాట తప్పక చెప్పండి.

వెనిగర్ లేకుండానే వాసన తగ్గించుకునే దారి కూడా ఉంది, నిజానికి నాకు నమ్మకం దాని మీదే ఎక్కువ. మీరు పాదాలు కడుక్కుంటున్నారు, కానీ బ్యాక్టీరియా బూటులో కాపురం ఉంది. మర్నాడు పొద్దున అదే తడి బూటులో కాలు పెట్టగానే అంతా మళ్ళీ మొదలు. ఉక్కు తొడుగు బూట్లు మీ పనిలో మానేయమని నేను చెప్పను, చెప్పకూడదు. వీలైతే ఇంకో జత సంపాదించి రోజు విడిచి రోజు మార్చండి. కంపెనీ ఒకటే ఇస్తుందంటే రెండోది సొంతంగా కొన్నా ఆ ఖర్చు దండగ కాదు. ఇంటికి రాగానే లోపలి అట్టను బయటికి లాగి ఫ్యాను కింద పెట్టండి, బూటులో పాత పేపరు ఉండలు కుక్కండి, తడి లాగేస్తుంది. ఆ అట్ట చవకే, రెండు మూడు నెలలకోసారి మార్చేయండి. డబ్బాతోపాటు ఒక జత సాక్సులు తీసుకెళ్ళి భోజనం వేళ మార్చుకోండి. వాడిన సాక్సులు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. చెమట మరీ ఎక్కువైతే అల్యూమినియం క్లోరైడ్ లోషన్ అని దొరుకుతుంది, రాత్రి పొడి అరికాళ్ళకు రాసుకుని పొద్దున కడిగేయాలి, అదీ చర్మం పగలకుండా ఉన్నప్పుడే. ఇందులో ఏదీ రెండు వారాల్లో అద్భుతం చూపించదు. నెల దాటాక తేడా తెలుస్తుంది, వెనిగర్ ఆపినా ఆ తేడా నిలుస్తుంది.

సిగ్గు గురించి. ఆ రోజు గుమ్మంలో మీకెంత కష్టమయ్యుంటుందో అర్థమవుతోంది. అందరి ముందూ తలెత్తుకోలేని పరిస్థితిని ఇంత కాలం ఒంటరిగా మోశారు. చర్మ డాక్టర్లకు బూట్లు విప్పిన పాదాలు రోజూ చూసే పని. షిఫ్టులు చేసేవాళ్ళు, పోలీసులు, సెక్యూరిటీ గార్డులు, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడే వరి రైతులు ఇదే బాధతో వస్తారు. మీకు ఈఎస్ఐ కార్డు ఉంటే డిస్పెన్సరీ నుంచి మొదలుపెట్టండి, లేదంటే మీ ఊళ్ళోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. మీ ఆవిడ ఇదంతా ఆపమన్నది కోపంతో కాదని నాకనిపిస్తోంది. వెళ్ళేటప్పుడు ఆవిడను తోడు తీసుకెళ్ళండి.

ఒకవేళ అమ్మగారి కాలి మీద బొబ్బగానీ, నీరు కారే పుండుగానీ, ఎర్రబడి వేడిగా ఉన్న చోటుగానీ, నల్లబడిన వేలుగానీ కనిపిస్తే మర్నాటి దాకా ఆగకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, నొప్పి లేదని ఆవిడ అన్నా సరే. మీకు పాదం మీద ఎరుపు పైకి పాకినా, జ్వరం వచ్చినా అంతే. మామూలుగా వెళ్ళేటప్పుడైతే ఆ క్రీము ట్యూబు పారేయకుండా జేబులో వేసుకోండి, బూటులోని అట్ట కూడా ఒక కవరులో పెట్టుకెళ్ళండి, ఎన్నాళ్ళుగా ఏం రాశారో, వెనిగర్ ఎంత వాడారో దాచకుండా చెప్పండి. డాక్టరు రాసే మందు వాటి మీదే ఆధారపడి ఉంటుంది.